ఎక్కేవాళ్లను తిడితే బస్సులు పెరుగుతాయా?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో సిటీ బస్సుల రద్దీ గురించి వేసిన వార్త చూశాను. అప్పుడే రాద్దామనుకున్నా, డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికే రాత్రవుతోంది, ఇవాళ్టికి కుదిరింది. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న పిల్లల ఫోటో వేసి మంచి పని చేశారు. కానీ దాని కింద ఒక ప్రయాణికుడి మాట పెట్టారు, "ఫ్రీ కదా అని ఆడవాళ్లు పని లేకపోయినా ఎక్కుతున్నారు" అని. అది చదివినప్పటి నుంచి కడుపు మండిపోతోంది.

నేను మడికొండ నుంచి వరంగల్ చౌరస్తాలో ఒక బట్టల దుకాణానికి రోజూ వెళ్లొస్తాను. పొద్దున తొమ్మిదింటి బస్సులో ఎవరుంటారో ఆ అన్నను ఒక్కసారి ఎక్కి చూడమనండి. ఇళ్లల్లో పనికి పోయేవాళ్లు, కాలేజీ పిల్లలు, ఎంజీఎం ఆసుపత్రిలో ఉన్న తమ మనిషికి అన్నం గిన్నె పట్టుకుపోయేవాళ్లు. వీళ్లలో పని లేనిదెవరికి? ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైంది, జనం పెరుగుతారని ఆ రోజే అందరికీ తెలుసు. పెరిగిన జనానికి తగ్గట్టు బస్సులు వేయాలి. జీరో టికెట్ డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి కట్టాలి, అది మా అందరి పన్నుల్లోంచే పోతుంది, మేమేమీ దొంగతనంగా ఎక్కడం లేదు.

మొన్న మంగళవారం రాత్రి ఎనిమిది దాటాక ఎంజీఎం స్టాపులో నలభై నిమిషాలు నిలబడ్డాం. చివరికి వచ్చిన బస్సు స్టాపు దాటించి యాభై గజాల అవతల ఆపారు. ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకొని ఒక ముసలమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి ఉరికింది, ఆమె అందుకునేలోపే బస్సు కదిలింది. కవరు రోడ్డు మీద పడింది. నేనూ ఇంకో అమ్మాయీ ఏరి ఇచ్చాం. ఆ అమ్మ కూడా ఫ్రీ కోసం తిరుగుతున్నట్టేనా?

రైలు దిగినవాళ్ల కష్టం ఇంకోటి. ఊరు ఒక్కటే, స్టేషన్లు రెండు, మధ్యలో పది కిలోమీటర్లు. ఢిల్లీ నుంచి వచ్చే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో ఆగుతుంది, తమిళనాడు ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఆగుతుంది. వరంగల్ స్టేషన్ ఎదురుగానే బస్టాండ్ ఉంది కాబట్టి కొంత నయం. కాజీపేటలో రాత్రి పదింటికి దిగితే ఏముంది? పోయిన నెల మా అత్తమ్మతో దిగాను, హన్మకొండకు ఆటో రెండు వందల యాభై అన్నాడు, అది నా రోజు జీతంలో సగం పైనే. కాజీపేటకు బస్టాండ్ కావాలని జనం ఎన్నేళ్లుగా అడుగుతున్నారో మీకూ తెలుసు.

1932లో నిజాం కాలంలో హైదరాబాద్ సంస్థానంలో సర్కారు బస్సులు మొదలైనప్పుడు అది రైల్వేలోనే ఒక విభాగం, ఉన్నవి 27 బస్సులు. రైలూ బస్సూ ఒకే గొడుగు కింద ఉండేవి. ఇప్పుడు రైలు ఎప్పుడొస్తుందో బస్సు వాళ్లకు పట్టదు, బస్సు ఉందో లేదో రైల్వే వాళ్లకు పట్టదు. కరోనా టైంలో ప్యాసింజర్ రైలు కనీస టికెట్ 10 రూపాయల నుంచి 30కి పెంచారు, మళ్లీ పదికి తేవడానికి 2024 దాకా పట్టింది. అప్పటిదాకా ఆ ఇరవై ఎక్కువ కట్టింది కూలికి పోయేవాళ్లూ, కూరగాయలు అమ్ముకునేవాళ్లే.

మనకు రావాల్సిన రైలు పెట్టెల కోచ్ ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు పోయింది, మా నాన్న బతికున్నంత కాలం ఆ మాటే చెప్పేవాడు. 2023 జులైలో ప్రధాని వచ్చి కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేసేదాకా ఎదురుచూశాం. సరే, అది పెద్ద పని, ఢిల్లీ ఒప్పుకోవాలి, కోట్లు కావాలి. రాత్రి రైలు దిగినవాళ్లకు ఒక సిటీ బస్సు నడపడానికి ఢిల్లీని అడగాలా? స్టేషన్ గేటు దగ్గర బస్సు టైములు రాసిన ఒక బోర్డు పెట్టడానికి ఎన్ని కోట్లు కావాలి?

అధికారులు కారు దిగి ఒక్క వారం మాతో ప్రయాణం చేయాలి, ఎండాకాలంలో, సాయంత్రం ఆరు తర్వాత. మీరు కూడా మీ ఫోటోగ్రాఫర్‌ను ఒక రాత్రి పదింటికి కాజీపేట స్టేషన్ బయటికి పంపి, అక్కడ పిల్లల్నీ సంచుల్నీ పట్టుకొని నిలబడ్డవాళ్ల ఫోటో అదే పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, మడికొండ