మలుగుపాములో జన (గుడ్లు) ఎందుకు కనపడదంటే

ఎడిటర్ గారికి,

పోయిన ఆదివారం గోదావరి చేపల మీద మీరు వేసిన పేజీ చదివాను. పులస గురించి బాగానే రాశారు గానీ, మలుగుపాము దగ్గరకొచ్చేసరికి 'ఏటి బురదలో పుట్టి అక్కడే పెరిగే చేప' అని ఒక్క ముక్కలో తేల్చేసి పక్కన బొమ్మిడాయి ఫోటో వేశారు. బొమ్మిడాయి ఆ జాతే కాదండీ, చూడ్డానికి పాములా ఉంటుందంతే. మలుగుపాము అసలైన ఈల్ (పాములా పొడుగ్గా ఉండే ఒక చేప జాతి), పుట్టేది సముద్రంలో. పులస గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఏరెక్కి వస్తే, ఇది అదే పనికి ఏరు దిగి సముద్రానికి పోతుంది.

మిమ్మల్ని అని లాభం లేదు లెండి. మా ఊరి మార్కెట్లో చేపలు కోసే ఆవిడ కూడా, చేతులకి బూడిద రాసుకుని, జారిపోతున్న మలుగుపామును అదిమిపట్టి కోస్తూ, "ఇన్నేళ్ల నుంచి కోస్తన్నా మేష్టారూ, ఒక్కదాన్లో జన చూళ్లేదు, ఇది బురదలోంచి పుట్టేదే" అంది. ప్రాచీన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ కూడా సరిగ్గా ఇదే అన్నాడు. 1876లో కుర్రాడిగా ఉన్న సిగ్మండ్ ఫ్రాయిడ్, మనస్తత్వ శాస్త్రంలో పేరు తెచ్చుకోకముందు, ఇప్పటి ఇటలీలో ఉన్న ట్రియెస్ట్‌లో సుమారు 400 ఈల్ చేపల్ని కోసి వాటి వృషణాల కోసం వెతికి గట్టిగా ఏమీ తేల్చలేకపోయాడు. ఆవిడ చూసింది నిజమే మరి. ఏట్లో ఉన్నంతకాలం వీటి జన ఎదగదు, సముద్రం దారి పట్టాకే తయారవుతుంది.

మలుగుపాముకి చుట్టమైన యూరప్ ఈల్ ఎక్కడ పుడుతుందో తేల్చడానికి యొహానెస్ ష్మిట్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త 1904 నుంచి దాదాపు 18 ఏళ్లు అట్లాంటిక్‌లో వలలు వేశాడు. ఎక్కడ పిల్లలు ఇంకా చిన్నవి దొరికితే అటు ఓడ తిప్పుతూ పోయి పోయి చివరికి అట్లాంటిక్‌లోనే ఒక భాగమైన సర్గాసో సముద్రంలో తేలాడు. ఆ పిల్ల గన్నేరాకులా పల్చగా ఉంటుంది, దాన్ని మీ పేపర్ మీద పెడితే కింద అక్షరాలు చదువుకోవచ్చు. ప్రవాహంలో కొట్టుకుంటూ యూరప్ తీరం చేరాక గాజు పుల్లలా మారి, రంగు తేలి, ఏరెక్కుతుంది. అక్కడ పదేళ్లు, ఇరవయ్యేళ్లు కూడా పసుపు రంగులో బతికి ఒకనాటికి పొట్ట వెండిలా మెరుస్తుంది, కళ్లు పెద్దవవుతాయి, పేగు ముడుచుకుపోతుంది, ఇక తిండి ఉండదు. వాన పడి ఏరు పొంగిన చీకటి రాత్రి చూసుకుని బయల్దేరి, ఒంట్లో కొవ్వు మీదే 5,000 కిలోమీటర్ల పైన ఈదుతుంది. ఇంత వెతికినా సర్గాసోలో వాటి గుడ్డు ఎవరికీ దొరకలేదు. జపాన్ వాళ్లకి మాత్రం వాళ్ల ఈల్ గుడ్లు 2009లో పసిఫిక్‌లోని మరియానా దీవుల పడమర, అమావాస్యకి ముందు రోజుల్లో దొరికాయి. ఎన్ననుకున్నారు? 31.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ మనం పులస ఎక్కలేకపోవడం గురించే మాట్లాడుకుంటున్నాం. పోలవరంలో చేపల మెట్లు (చేపలు ఆనకట్ట ఎక్కి పోవడానికి కట్టే దారి) అంటే కూడా పులసే గుర్తొస్తుంది. మలుగుపాము పిల్లకి వేరే దారి కావాలి, అది తడిసిన గరుకు గోడని పాకి ఎక్కగలదు, యూరప్‌లో బ్రష్షులు బిగించిన పలకలు వాలుగా పెట్టి, వాటి మీద నీళ్లు కారేలా చేస్తున్నారు. ఎక్కడం ఒక్కటే కాదు, ఎదిగిన చేప దిగాలి కూడా. అంత పొడుగు ఒళ్లు టర్బైన్‌లో పడితే ముక్కలే. పోలవరంలో 960 మెగావాట్ల కరెంటు తీయబోతున్నప్పుడు దాని ముందు జల్లెడ ఎంత సందుతో ఉంటుంది, పక్కనుంచి చేప దిగే దారి ఉందా అని మీ విలేకరి ఒకసారి అడిగి రాస్తే బాగుంటుంది.

ఈలోపు ఆ బొమ్మిడాయి ఫోటోకి సవరణ వేయండి.

ఇట్లు,
ఓ రిటైర్డ్ సైన్స్ మాస్టారు, కొవ్వూరు