విషయం: రికాయిల్ స్టార్టర్ స్ప్రింగ్ గురించి, అంతకంటే ముఖ్యంగా మీ మౌనం గురించి

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

ఈ ఉత్తరం మీ చేతికి అందిందంటే మీ కాల్ సెంటర్ కంట పడకుండా వచ్చిందన్నమాట. నాకంటే దానికే అదృష్టం ఎక్కువ.

బోటు వెనక బిగించుకునే నా అవుట్‌బోర్డ్ మోటార్ మోడల్ ఏది, ఎన్ని హార్స్ పవర్, సీరియల్ నంబర్ ఎంత అని ఇందులో రాయడం లేదు. ఫోన్ ఎత్తిన ప్రతి ఒక్కరికీ అవన్నీ మొదటి నుంచి చెప్పాను, అందరూ రాసుకున్నామన్నారు. ఎక్కడ రాసుకున్నారో మీరే వెతికించండి. జబ్బు మాత్రం చెబుతాను. తాడు లాగితే బయటికి వస్తుంది, తిరిగి లోపలికి పోదు. స్టార్టర్ లోపలి స్ప్రింగ్ విరిగింది, ఫ్లైవీల్‌ని, అంటే ఇంజిన్ పైనుండే చక్రాన్ని, పట్టి తిప్పే చిన్న ముక్క కూడా అరిగింది. మా మెకానిక్ విప్పి చూపించాడు. ఉప్పుగాలి తగిలే పాత మోటార్‌కి ఇది మామూలే. దానికి మిమ్మల్ని ఒక్క మాట కూడా అనను.

మాది ఉప్పాడ, ఫైబర్ బోటు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. వలలు బాగుచేసుకున్నా, బోటుకి అతుకులు వేయించుకున్నా, మోటార్ విప్పించినా మాకు అప్పుడే తీరిక. అందుకే నిషేధం మొదలవగానే మీకు ఫోన్ చేశాను. నిషేధం ఎత్తేశారు, బోట్లన్నీ వేటకి పోతున్నాయి. మీ నుంచి స్ప్రింగ్ రాలేదు సరే, లేదు అనే మాటైనా రాలేదు.

మొదటిసారి తెలుగు కోసం నొక్కమన్న నంబరే నొక్కాను. హిందీలో పలికారు. మా అబ్బాయికి ఫోన్ ఇస్తే వాడు తంటాలు పడి మాట్లాడాడు. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా "బ్యాటరీ చార్జింగ్ ఉందా సార్?" అని అడిగింది. తాడు లాగి స్టార్ట్ చేసే మోటార్‌కి బ్యాటరీ ఎక్కడిదమ్మా అంటే, అయితే బండిని దగ్గర్లోని సర్వీస్ సెంటర్‌కి నడుపుకుని రమ్మంది. అది బండి కాదు, బోటు మోటార్ అని వాడు చెబుతుండగానే లైన్ కట్ అయింది.

తర్వాత మాట్లాడినాయన మాత్రం తెలుగాయనే. ప్రాణం లేచొచ్చింది. పార్టు ఉంది, కాకినాడ డీలర్ మీకు ఫోన్ చేస్తాడు అన్నాడు. డీలర్ చేయలేదు, నేనే షాపుకి వెళ్లాను. "కంపెనీ రిలీజ్ చేయాలండీ, మా చేతుల్లో ఏమీ లేదు, కస్టమర్ కేర్‌కి చెప్పండి" అన్నాడు. కస్టమర్ కేర్‌కి చెబితే స్పేర్ పార్టులు డీలరే చూసుకోవాలి అన్నారు. మీరిద్దరూ ఒకరి నంబర్ ఒకరు తీసుకుంటే బాగుంటుందేమో. కావాలంటే నేనిస్తాను, రెండూ నాకు నోటికి వచ్చేశాయి.

ఫోటో పంపమన్నారు, పంపాను. మూత విప్పి తీసి పంపమన్నారు, అదీ పంపాను. ఆపైన సీనియర్ అని ఒకాయన లైన్లోకి వచ్చి ఒరిజినల్ బిల్లు ఉంటేనే ముందుకు కదులుతుందన్నాడు. ఉప్పాడలో సముద్రం ఇళ్లకి ఇళ్లే పట్టుకుపోతుంటే మా నాన్న నాటి బిల్లు నేనెక్కడ దాచేది? అయినా నేను వారంటీ అడిగానా? డబ్బిస్తాను, స్ప్రింగ్ ఇవ్వండి అన్నాను. దానికి ఆయన జవాబు, "మీ ఇబ్బంది మాకు అర్థమైంది సార్." ఆ మాట మీ వాళ్లందరికీ కంఠతా వచ్చు.

ఆ వారమే మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకి రేటింగ్ ఇవ్వండి అని. ఏం పరిష్కరించారో అడుగుదామని ఫోన్ చేస్తే ఇంకొక పిల్లాడు సలహా చెప్పాడు: "ఎమర్జెన్సీ తాడు ఉంటుంది కదా సార్, దాంతో స్టార్ట్ చేసుకోండి."

ఆ తాడుతోనే చేస్తున్నాం బాబూ. పైమూత తీసేసి, తాడు ముడిని ఫ్లైవీల్ గాడిలో పెట్టి, చుట్టి లాగుతున్నాం. ఇంజిన్ అందుకున్నాక ఆ చక్రం చేతుల పక్కనే ఏ అడ్డూ లేకుండా తిరుగుతుంది. తువ్వాలు కొస తగిలితే చాలు. పైగా అలా లాగితే గేరులో ఉన్నా స్టార్ట్ అయిపోతుందని, జాగ్రత్త అని మీ పుస్తకంలో మీరే రాశారు. ఒడ్డు దగ్గర కెరటం విరిగే చోట మోటార్ ఆగితే, మళ్లీ తాడు చుట్టుకునేదాకా కెరటం ఆగుతుందా? ఆ సలహా ఇచ్చిన పిల్లాణ్ణి ఒక్కసారి మా బోటెక్కించండి. భోజనం ఖర్చు నాది.

మా నాన్న కొన్న మొదటి మోటార్ మీదే, ఇదీ మీదే. ఎవరైనా మోటార్ కొనాలని అడిగితే మీ పేరే చెప్పాను, నా మాట మీద మా వీధిలో కొన్నవాళ్లున్నారు. అప్పట్లో మీ మనుషులు ఒడ్డుకే వచ్చి, టీ తాగి, మోటార్ చెవి దగ్గర పెట్టుకుని విన్నంత శ్రద్ధగా చూసి వెళ్లేవారు. ఇప్పుడు మీకు పెద్ద పెద్ద మోటార్ల గిరాకీ వచ్చింది, పాతవాళ్లతో పనేముంది? ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే ఇదే. ఆ పార్టు తయారు చేయడం మానేశామని ఏప్రిల్‌లోనే ఒక్క ముక్క చెప్పి ఉంటే, పాత మోటార్ ఏదైనా చూసి దాని స్టార్టర్ విప్పుకుని వేసుకునేవాణ్ణి. ఇప్పటికైనా ఉందో లేదో చెప్పండి. ఉంటే స్ప్రింగ్, ఆ పట్టుకునే ముక్క, తాడు కలిపి పంపండి, ధర ఎంతైనా ఇస్తాను.

చెప్పకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. ఆ హెల్ప్‌లైన్ ఉన్నదే మీలాంటి వాళ్ల కోసం. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. స్ప్రింగ్ ధరకి కాదు, పోయిన వేటకి, నా మనోవేదనకి వేస్తాను. మీ మెసేజ్‌లన్నీ, ఆ రేటింగ్ అడిగిన దానితో సహా, మా అబ్బాయి దాచాడు.

ఫోన్ చేసేవాళ్లు తెలుగులో మాట్లాడాలి, మధ్యాహ్నం దాటాక చేయాలి. పొద్దున సముద్రంలో ఉంటాను, తాడు చుట్టుకుంటూ.

ఇట్లు,
పరిష్కరించబడిన ఫిర్యాదు తాలూకు కస్టమర్,
ఉప్పాడ