జులై వార్తాలేఖ: సైరన్ వీడియో గురించి, పక్కింటి అవ్వల గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల ఉత్తరం ఎఫ్‌ఏ-1 పరీక్షలతో మొదలుకావాలి. కానీ పోయిన శనివారం నుంచి మీ వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తున్నది పరీక్షల ముచ్చట కాదని నాకు తెలుసు. అందరి ఫోన్లలో తిరుగుతున్నది ఒక చిన్న వీడియో. మన తొమ్మిదో తరగతి గదిలో సైరన్ మోగుతుంది, పిల్లలు బెంచీల మధ్య నుంచి బయటికి ఉరుకుతారు, ఒక అబ్బాయి మాత్రం కుర్చీలో కూర్చుని "నన్ను ఇడిసిపెట్టి పోకుండ్రి రా" అని అరుస్తాడు. అక్కడితో ఆగిపోతుంది. "బడిలో పిల్లలకు బాంబుల భయం పెడుతున్నారు" అని దాని కింద ఎవరో రాశారు. నాకు ఫోన్ చేసి సంగతేమిటని అడిగినవాళ్లకు కృతజ్ఞతలు. అడగకుండా ఫార్వర్డ్ చేసినవాళ్ల కోసం ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

వీడియో తీసిన ఆ రోజు బాలసభకు వచ్చినావిడ మన తొమ్మిదో తరగతి అమ్మాయి తల్లి. ఇజ్రాయెల్‌లో వృద్ధుల దగ్గర కేర్‌గివర్‌గా పనిచేస్తూ సెలవు మీద ఇంటికి వచ్చారు. మన జగిత్యాల, నిజామాబాద్ వైపు దుబాయ్, మస్కట్ తర్వాత ఇజ్రాయెల్ పేరు కూడా అందరికీ తెలిసిందే. అమ్మో నాన్నో అక్కడ ఉన్న పిల్లలు మన బడిలోనూ ఉన్నారు. ఈసారి, 2025 జూన్ 12న బడులు తెరిచాం, 13న ఇజ్రాయెల్, ఇరాన్‌ల మధ్య యుద్ధం మొదలైంది. అది ఆగేదాకా ఆ పిల్లలు క్లాసులో కూర్చున్నారే కానీ పాఠం చెవికెక్కలేదు. ఇంటర్వెల్‌లో తోటి పిల్లలు వాళ్లను "మీ అమ్మ బతికే ఉందా?" అని అడగడం మా టీచర్లు విన్నారు. టీవీ చూసి తెలుసుకోవడం కన్నా అక్కడ ఉండి వచ్చినవాళ్ల నోట వినడం మేలనిపించి ఆమెను పిలిచాం.

ఆమె ఉండేది అష్కెలోన్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో. గాజాకు దగ్గర. అటునుంచి రాకెట్ వస్తే సైరన్ మోగాక ఆ ఊరివాళ్లకు దొరికేది 30 సెకన్లు. ఇంకా దగ్గరగా, సరిహద్దుకు కిలోమీటరు దూరంలో ఉన్న స్డెరోట్‌లో అయితే 15 సెకన్లే. స్డెరోట్ మీద 2001 నుంచి రాకెట్లు పడుతూ వచ్చాయి. అక్కడ బస్టాపుల పక్కన కాంక్రీటు గదులుంటాయి, పిల్లల పార్కులో గొంగళిపురుగు బొమ్మ కూడా లోపల దాక్కునేలా కట్టిందే. 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత కట్టే ప్రతి ఇంట్లో మందపాటి గోడలతో, ఇనుప తలుపుతో ఒక సేఫ్ రూమ్ ఉండాలని అక్కడ చట్టం చేశారు. అంతకుముందు కట్టిన ఇళ్లు చాలావాటిలో అది లేదు. పాత ఇళ్లలో ఎక్కువగా ఉండేది ముసలివాళ్లే. ఆమె చూసుకునే పెద్దావిడ మూడో అంతస్తులో ఉంటుంది, ఆవిడను సఫ్తా (హీబ్రూలో అవ్వ) అని పిలుస్తారు. సేఫ్ రూమ్ లేదు. మెట్ల దగ్గరికి చేరాలి.

ఇక్కడే పిల్లలు ఆసక్తిగా ముందుకు జరిగారు. 2023 అక్టోబర్‌లో అక్కడ యుద్ధం మొదలైనప్పుడు దుకాణాలు మూతబడ్డాయి, మందులు తెచ్చేవాళ్లు లేరు. వాళ్ల బిల్డింగ్‌లో కుర్రవాళ్లు ఒక కాగితం రాసి కింద గోడకు అంటించారట. ఏ ఫ్లాట్‌లో ఎవరు ఒంటరిగా ఉన్నారు, ఎవరికి నడవరాదు, సైరన్ మోగితే ఏ తలుపు ఎవరు కొట్టాలి. మన ఆవిడ పేరు పక్కన తన సఫ్తాతో పాటు ఎదురు ఫ్లాట్‌లోని చెవిటి తాత కూడా ఉన్నాడు. అది ఆమె డ్యూటీ కాదు, జీతం రాదు. సైరన్ ఆగాక ఒక్కో ఫ్లాట్ నుంచి "క్షేమం" అని మెసేజ్ రావాలి, రాకపోతే ఎవరో ఒకరు వెళ్లి చూడాలి. రొట్టె, పాలు, బీపీ మాత్రలు ఇంటర్ వయసు పిల్లలు మోసుకొచ్చేవారట.

మన పదో తరగతి అమ్మాయి ఒకరు మరునాడే గోడపత్రికలో రెండు వార్తలు రాసిపెట్టింది, చదవనివాళ్లు వచ్చి చదవండి. 2021 మేలో అదే అష్కెలోన్‌లో ఇడుక్కి జిల్లా నుంచి వెళ్లిన మలయాళీ కేర్‌గివర్ రాకెట్ పడి చనిపోయింది, ఆమె చూసుకుంటున్న వృద్ధురాలు గాయాలతో బయటపడింది. ఇంట్లో సేఫ్ రూమ్ లేదు. 2023 అక్టోబర్ 7న నీర్ ఓజ్ అనే ఊళ్లో సాయుధులు ఇంట్లోకి చొరబడితే, ఇద్దరు కేరళ మహిళలు సేఫ్ రూమ్ తలుపు పిడిని గంటల తరబడి చేతులతో గట్టిగా పట్టుకుని లోపలున్న వృద్ధులను కాపాడారు. ఇజ్రాయెల్ రాయబార కార్యాలయమే వాళ్లను మెచ్చుకుంటూ ప్రకటన ఇచ్చింది. ఆ అమ్మాయి అక్షరదోషం లేకుండా రాసింది, నేను రెండుసార్లు చదివాను.

ఇక వీడియో. తన ఫోన్‌లో ఉన్న సైరన్ వినిపించి, 30 సెకన్లలో వరండా మెట్ల కిందికి చేరండి చూద్దాం అన్నారు ఆమె. ఒక అబ్బాయి తాత అయ్యాడు. మోకాళ్లు వంగకుండా చున్నీతో స్కేళ్లు కట్టారు, చెవుల్లో దూది పెట్టారు. మొదటిసారి అందరూ ఉరికారు, తాత కుర్చీలోనే మిగిలాడు. మీరు చూసింది అదే. తర్వాత నలుగురు ఒక్కసారే పట్టుకుని లాగితే కుర్చీతో సహా బోర్లా పడ్డారు, గది మొత్తం నవ్వింది. అప్పుడు వెనక బెంచీ అమ్మాయి, క్లాసులో నోరు విప్పని పిల్ల, లేచి "ఎవరు లేపాలి, ఎవరు తలుపు పట్టుకోవాలి, ముందే చెప్పుకుందాం మేడమ్" అంది. ఈసారి సైరన్ ఆగేలోపు తాత మెట్ల కింద ఉన్నాడు. ఈ భాగం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు కిటికీలోంచి తొంగిచూస్తూ అడిగాడు: "గాజాలో ఉన్నోళ్లకు సైరన్ ఉంటదా మేడమ్?" ఆమె దాచలేదు. "లేదు బిడ్డా. సైరనూ లేదు, దాక్కునే షెల్టరూ లేదు" అన్నారు. ఆ ప్రశ్న ఏ టీవీ చర్చలోనైనా విన్నారా మీరు? మా బడిలో వినబడింది.

భయం సంగతికి వస్తాను. రాత్రి అన్నం ముందు న్యూస్ చానల్‌లో క్షిపణి గ్రాఫిక్స్, డబ్బా కొట్టినట్టు మ్యూజిక్, మూడో తరగతి పిల్ల పక్కనే. పదకొండు దాటాక కూడా ఫోన్ పిల్లాడి చేతిలో. పొద్దున టిఫిన్ లేకుండా, కళ్లు మూసుకుపోతూ ప్రేయర్‌లో నిలబడతాడు. ఇవన్నీ మీరు ప్రేమతోనే, పని ఒత్తిడిలో, కాదనలేక చేస్తున్నారని అర్థం చేసుకోగలను. కానీ అవే ఇళ్ల నుంచి "బడిలో భయపెడుతున్నారు" అనే మాట వస్తే నాకు కొంచెం ఆశ్చర్యంగా ఉంటుంది. భయమేసినప్పుడు చేయడానికి చేతికి ఒక పని ఇస్తే పిల్లలు నిలదొక్కుకుంటారని నేను చాలా ఏళ్లుగా చూస్తున్నాను.

ఆ పనే ఇప్పుడు మొదలైంది. దాని మీదా ఫిర్యాదులు వచ్చాయి కాబట్టి గట్టిగానే చెబుతాను. బాలసభ అయ్యాక తొమ్మిదో తరగతి పిల్లలు నన్నడిగారు, మన వాడలో ఒంటరిగా ఎవరున్నారో మనమూ రాసుకుందామా అని. మన దగ్గర రాకెట్లు పడవు. కానీ కొడుకులు, కోడళ్లు గల్ఫ్‌లో ఉండి, బీడీలు చుట్టుకుంటూ పింఛన్‌తో నెట్టుకొచ్చే అవ్వలు ప్రతి గల్లీలో ఉన్నారు. 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు వరద ముంచుకొచ్చి దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు, గుర్తుందా? అలాంటి రాత్రి మన వీధిలో నడవలేనివాళ్లు ఎవరో తెలుసుకోవడానికి అప్పుడు టైం ఉండదు. ఆ పని ఎండ కాసే రోజునే అయిపోవాలి. పిల్లల పొడుగు నోట్‌బుక్ చూస్తే మీకే తెలుస్తుంది: "ఎడమ చెవి వినబడదు, కుడివైపు కిటికీ దగ్గర పిలవాలి." "రాత్రి మాత్ర మరిచిపోతుంది, ఎర్ర డబ్బా." "కుక్క ఉంది, ఏమీ అనదు." నలభై ఏళ్ల పక్కింటివాళ్లకు తెలియని విషయాలివి. ఇది పుణ్యానికి చేసే సేవ అని ఎవరూ ప్రాజెక్ట్ ఫైల్‌లో రాయొద్దని చెప్పాను. పక్కింటి మనిషి ఎవరో తెలుసుకుని ఉండటం చదువులో భాగమే. దీనికి మార్కులుండవు, సర్టిఫికెట్ ఉండదు, ఫోటోలు అసలే ఉండవు.

ఒక తండ్రి అన్నారు, "మా బాబు వేరేవాళ్లింట్లో బిందెలు మోస్తాడా?" అని. సార్, ఆ బాబు మన హాస్టల్ మెస్‌లో తాగిన గ్లాసు తీసి పెట్టడానికి ఏడాది పట్టింది. ఆ అవ్వ ఇంట్లో మాత్రం ఎవరూ చెప్పకుండానే బిందె దించి, కింద పడ్డ నీళ్లు తుడిచి వచ్చాడు. ఇంట్లో మీరూ ఒకసారి అడిగి చూడండి, చేస్తాడు. మీ ఇంట్లో ఉన్న నానమ్మకు రోజూ మంచినీళ్లు ఎవరు ఇస్తున్నారో కూడా గమనించండి.

జాగ్రత్తల గురించి అడిగినవాళ్లకు: ఇద్దరు పిల్లలకు తక్కువ కాకుండా, టీచర్‌తో, శనివారం సాయంత్రం ఐదులోపే వెళ్తారు. డబ్బు తీసుకోరు, ఇవ్వరు. మందు తమ చేతితో వేయరు, గుర్తు మాత్రమే చేస్తారు. నోట్‌బుక్ నా బీరువాలో ఉంటుంది, వాట్సాప్‌లోకి రాదు. ఆ అవ్వలూ తాతలూ ఒప్పుకున్నాకే పేరు రాశారు.

మిగతావి త్వరగా: ఎఫ్‌ఏ-1 ఈ నెలాఖరులో, టైంటేబుల్ డైరీలో అంటించాం, టర్మ్ ఫీజు బాకీ ఉన్నవాళ్లు ఆఫీసులో కలవండి, కోరుట్ల బస్సు పది నిమిషాలు ముందుగా వస్తుంది, బెల్టు, సాక్సుల మీద ఇక చెప్పేదేం లేదు.

ఆ తల్లి వచ్చే వారం తిరిగి వెళ్తున్నారు. వెళ్లేముందు శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి లైబ్రరీలో కూర్చుంటారు. ఇజ్రాయెల్ పనులకు పేరు ఇచ్చుకోవాలనుకునే ఇళ్లవాళ్లు ఏజెంట్‌ను అడగడానికి ముందు ఆమెను అడగండి.

శనివారాల కార్యక్రమానికి అనుమతి పత్రం మీ పిల్లల బ్యాగులో పెట్టి పంపాం. ఇష్టం లేకపోతే లేదని రాసి పంపండి, ఏమీ అనుకోం. కానీ సంతకం మీరే చేయండి. పిల్లల చేతిరాత మా టీచర్లు ఇట్టే పట్టేస్తారు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు