చిన్నీకి, ఒంగోలు నుంచి

చిన్నీ,

ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఎత్తితే కదా చెప్పేది! మూడు వారాలుగా "మీటింగ్‌లో ఉన్నా నాన్నా, తర్వాత చేస్తా" అన్న మెసేజే. అందుకని కాయితం తీశాను. విశేషమేమీ లేదు, ఊరికే.

ఎండలు ముదిరాయి. మీ అమ్మకి మోకాలు కాస్త నయం. రాజుగాడి ఇల్లు స్లాబు దాకా వచ్చింది. పోయిన వారం సుధ పిన్ని వచ్చి వెళ్ళింది. హైదరాబాదులో వాళ్ళింట్లో భోజనం దగ్గర నిన్ను ప్రార్థన చెయ్యమంటే "నాకు రాదు పిన్నీ, మీరే చెయ్యండి" అన్నావంట. నేనేమీ అనుకోలేదు. సుధ సంగతి తెలిసిందేగా, గోరంత ఉంటే కొండంత చెబుతుంది.

నీళ్ళు బాగా తాగు. రాత్రిళ్ళు ఆ నూడుల్స్ మానెయ్.

రాదు అన్నావంట. సండే స్కూల్లో కంఠత వాక్యాలకి ప్రతి ఏడూ ప్రైజు తెచ్చిన పిల్లవి, నీకు రాకపోవడమేంటి? మీ నాయనమ్మకి నిజంగా రాదు. అక్షరం ముక్క రాదు, అయ్యగారి మాటలకి నోరు తిరగదు. గేదె తప్పిపోయిన సంగతి నీకు సగమే తెలుసు. అప్పుడు నేను ఏడో తరగతి. ఆ పాలు అమ్మితేనే నా ఫీజు. పొద్దుగూకినా గేదె రాలేదు. నాయనమ్మ లాంతరు పట్టుకుని గుండ్లకమ్మ గట్టు వెంబడి బయల్దేరింది, వెనకాల నేను. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. "అయ్యా, పొద్దున మేతకి తోలేటప్పుడు చూశావు గదా. ఎటు పోయిందో నీకు తెలీదా? తెలిసీ చెప్పవా? పిల్లోడి ఫీజు ఎక్కణ్ణుంచి తేను?" కాలికి ముల్లు గుచ్చుకుంటే అదీ ఆయనకే చెప్పింది. దేవుడితో ఇట్లా పోట్లాడొచ్చా అని నాకు ఒకటే భయం. ఆ రాత్రి దొరకలేదు, మర్నాడూ దొరకలేదు. మూడో రోజున పక్కూరి బందెలదొడ్డిలో ఉందని తెలిసింది, ఎవరిదో జొన్నచేలో పడి మేసిందంట. ఇంట్లో ఉన్న డబ్బంతా కట్టి విడిపించుకొచ్చాం. గుంజకి కట్టేస్తూ మళ్ళీ ఆయన్నే పట్టుకుంది. "చూపించావులే, సంతోషం. ఆ డబ్బులెందుకు కట్టించావయ్యా?" కొంగుతో మొహం తుడుచుకుని చెంబు తీసుకుని పాలు పితకడానికి కూర్చుంది. ఆ మూడు రోజుల్లో ఆమె ఆమేన్ అనగా నేను వినలేదు.

పాఠం చెప్పనని మీ అమ్మకి మాటిచ్చాను. ఒక్కటి చెప్పి ఆపుతా. బైబిల్లో నెహెమ్యా ద్రాక్షారసం అందిస్తుంటే పర్షియా రాజు "ఏం కావాలి" అని అడిగాడు. ఆ అడగడానికీ ఈయన జవాబు చెప్పడానికీ మధ్యలోనే దేవుడికి ఒక మాట వేసుకున్నాడు. మోకాళ్ళూనే టైమెక్కడిది? మీ మేనేజరు ముందు నీకూ అంతే. ఇంకొకటి కూడా. నిన్ను భుజాన ఎక్కించుకుని జనవరి ఒకటిన మన ప్రార్థన కొండ ఎక్కేవాణ్ణి, గుర్తుందా? 1854లో అమెరికా మిషనరీ జూవెట్ దొర, దొరసాని, ముగ్గురు తెలుగువాళ్ళు అక్కడ తెల్లారుజామున కూర్చుని ఒంగోలుకి ఒక మిషనరీని పంపమని అడిగారు. వాళ్ళడిగిన ఆ మిషనరీ, క్లౌ దొర, ఇక్కడికి వచ్చింది 1866లో. కాబట్టి ఉద్యోగం దగ్గర ఏదైనా అటూ ఇటూ అయితే... అయిందని నేననడం లేదు.

ఆరేళ్ళప్పుడు భోజనం దగ్గర నువ్వు, "దేవా, పప్పులో ఉప్పెక్కువైంది, అమ్మని ఏమనొద్దు" అన్నావు. అందరూ నవ్వారు. సంఘపెద్దని కదా, నేను మాత్రం కళ్ళు తెరిచి, ప్రార్థనకి ఒక పద్ధతి ఉంటుందని కసిరాను. మర్నాటి నుంచి నువ్వు నాలాగే "మహోన్నతుడవైన దేవా" అని మొదలుపెట్టావు. అప్పుడు మురిసిపోయాను కూడా. నిన్న రాత్రి మీ అమ్మ కూర నోట్లో పెట్టుకోగానే అది గుర్తొచ్చి, తర్వాత ముద్ద దిగలేదు.

రేపు రాత్రి బస్సుకి రాజుగాడితో డబ్బా పంపిస్తున్నా. కందిపొడి, గోంగూర పచ్చడి, నువ్వు మర్చిపోయిన దుప్పటి. పచ్చడి సీసాని పడుకోబెట్టకు, నూనె కారుతుంది. బస్సు తెల్లారుజామున ఐదింటికల్లా వచ్చేస్తుంది. నిద్ర లేపడానికి ఫోన్ చేస్తా, ఎత్తు.

నాన్న