బురద ఎండబెడితే ఆ ఆవిరి ఎటు పోతోంది?

సంపాదకులకు నమస్కారం.

మేముండేది బెంగళూరులో, పీణ్య దగ్గర. రాత్రి పదకొండు దాటాక మా అత్తయ్య లేచి, వంటింట్లో సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి ఉందో లేదో చూసొస్తారు. వారంలో మూడు నాలుగు రోజులు ఇదే వరస. గ్యాస్ లీకైన వాసనే వస్తుంది మరి! రెండు వీధుల అవతల ఒక షెడ్డులో మురుగునీటి బురద, ఫ్యాక్టరీల బురద తెచ్చి డ్రయ్యర్‌లో ఎండబెడుతున్నారు. వంటగ్యాస్‌కి వాసన రావాలని కలిపే మెర్‌కాప్టాన్‌ల జాతివే ఈ బురద వేడెక్కినా బయటికొస్తాయి. ఆవిడ ముక్కు పొరపాటేమీ పడలేదు.

బురద ఎండబెట్టొద్దని నేననను. మెషీన్‌తో పిండేశాక కూడా అందులో నూటికి 80 పాళ్లు నీళ్లే ఉంటాయి, పచ్చిగా లారీకెత్తితే కిరాయంతా నీళ్లకే కట్టాలి. అలాంటి టన్ను బురదని 10 శాతం తేమకి దించితే మిగిలేది 220 కిలోల పైచిలుకు. తక్కినదంతా ఆవిరే. ఆ ఆవిరి వెంట అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా పోతాయి. బురదలో సున్నం కలిపి ఉంటే అమ్మోనియా ఘాటు ఇక చెప్పక్కర్లేదు. హైడ్రోజన్ సల్ఫైడ్‌తో ఇంకో చిక్కుంది. మోతాదు మించితే ముక్కు మొద్దుబారిపోయి, వాసన పోయిందనిపిస్తుంది. షెడ్డు లోపల పనిచేసే కుర్రాళ్ల సంగతి తలచుకుంటేనే నాకు టెన్షన్.

దీనికి మందు లేదా అంటే ఉంది. ఆవిరిని చల్లార్చి నీరుగా పట్టాలి. మిగిలిన గాలిని స్క్రబ్బర్‌లో అమ్మోనియా కోసం యాసిడ్ నీళ్లతో, సల్ఫైడ్ కోసం కాస్టిక్ నీళ్లతో కడిగి వదలాలి. ఖర్చవుతుంది, నిజమే. రాత్రిళ్లు ఆ ఖర్చు మిగుల్చుకుంటున్నారేమోనని మా వీధివాళ్ల అనుమానం.

ఫిర్యాదు చేస్తే అధికారులు వచ్చారు, మధ్యాహ్నం రెండింటికి. వాసనేదీ అన్నారు. ఫోన్‌లో చూస్తే గాలి బాగానే ఉందంటుంది. 2009 నాటి జాతీయ గాలి ప్రమాణాల్లో ఉన్న 12 కాలుష్యాల్లో అమ్మోనియా ఉంది గానీ, హైడ్రోజన్ సల్ఫైడ్ లేదు. లెక్కలోనే లేనిది ఫోన్‌లో ఎలా కనిపిస్తుంది?

తనిఖీకి రాత్రి రండి. ఈ రెండు గ్యాసులకీ పొగగొట్టం దగ్గర మీటర్లు పెట్టించి, ఆ రీడింగ్ గేటు బయట బోర్డు మీద కనబడేలా చేయించండి. బోర్డు కన్నడంలో ఉన్నా ఫర్వాలేదు, అంకెలు మా అత్తయ్య చదువుకోగలరు.

– ఒక పాఠకురాలు, బెంగళూరు