అక్కా, ముందు నీళ్లు ఆపు

టూసాన్, అరిజోనా

అక్కా,

అందరూ క్షేమమని తలుస్తాను. నీ గోల్డెన్ బారెల్ కాక్టస్ ఫోటోలు చూశాను. ఇవాళ్టి నుంచి దానికి చుక్క నీళ్లు పోయకు. ముడుచుకుపోతోందని పోస్తున్నావు గానీ, వేరు కుళ్లినా మొక్క అలాగే ముడుచుకుంటుంది. చుట్టూ నీళ్లున్నా పీల్చే వేరు ఉండదు మరి. వెదురు పుల్ల కుండీ అడుగుదాకా గుచ్చి తీయి. పొడిగా వస్తే దాహం. తడిమట్టి అంటుకుని వస్తే వేరునే అనుమానించాలి.

కాండం అడుగున గోధుమరంగు చూసి భయపడ్డావు. ఇక్కడి ఎడారిలో ముసలి సగువారోల (స్తంభాల్లా పెరిగే పెద్ద కాక్టస్‌ల) మొదళ్లు కూడా బెరడు కట్టి ఉంటాయి, అది వయసు లక్షణం. పెన్సిల్ వెనక కొసతో నొక్కి చూడు. ఎండిన బెండులా గట్టిగా ఉంటే వదిలేయి. మెత్తగా దిగబడి తడి, దుర్వాసన ఉంటే ఆ రోజే కుండీలోంచి తీయాలి.

పేపరు నాలుగు మడతలు పెట్టి మొక్క చుట్టూ పట్టీలా చుట్టి లాగు, ముళ్లు గుచ్చుకోవు. మట్టంతా దులుపు. మంచి వేరు గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరును రెండు వేళ్లతో పట్టి లాగితే పైతోలు జారిపోయి లోపలి నార ఒక్కటే మిగులుతుంది. వేర్లు మాత్రమే పోయి ఉంటే అవి కత్తిరించి వారం ఆరబెట్టు చాలు.

కుళ్లు కాండంలోకి ఎక్కితే మాత్రం కోయాల్సిందే. చాకును స్పిరిట్‌తో తుడిచి కింద నుంచి ఒక్కో సెంటీమీటరు చెక్క తీసెయ్యి. ప్రతి కోతకూ మళ్లీ తుడవాలి, లేకపోతే కుళ్లును నువ్వే పైకి మోసుకెళ్తావు. కోసిన చోట నడుమ ఒక వలయం కనిపిస్తుంది. దాంట్లో ఎర్రటి చుక్క ఒక్కటున్నా ఇంకో చెక్క తీయాలి. ఇక్కడ జాలిపడితే మొక్క దక్కదు. శుభ్రమైన కండ వచ్చాక అంచును వాలుగా చెక్కి గంధకం పొడి అద్దు. ఖాళీ గ్లాసు మీద నిలబెట్టి నీడలో రెండు వారాలు, ముసురు రోజులైతే మూడు వారాలు ఆరనివ్వు. పడుకోబెడితే వేర్లు పక్కకు పుట్టుకొస్తాయి.

మట్టి సంగతి. కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) నీళ్లను రోజుల తరబడి పట్టి ఉంచుతుంది, దాన్ని పూర్తిగా కడిగెయ్యి. ఒక వంతు ఎర్రమట్టికి రెండు వంతులు ముతక ఏటి ఇసుక, ఇటుక ముక్కలు కలుపు. ఇటుక ముక్కలు శనగగింజంత ఉండాలి, ధూళి జల్లెడ పట్టి పారెయ్యి. అడుగున చిల్లున్న మట్టికుండీ, మొక్క కంటే రెండు వేళ్లు మాత్రమే వెడల్పు. అడుగున గులకరాళ్లు పోస్తే నీళ్లు దిగుతాయంటారు గానీ, తడి ఆ రాళ్ల పైన, వేర్ల దగ్గరే ఆగుతుంది. పొడి మిశ్రమంలోనే నిలబెట్టు. గుండ్రటి కాక్టస్ మళ్లీ వేరు పట్టడానికి నెలలు పట్టవచ్చు. మెల్లగా కదిపితే పట్టు తగిలే దాకా, పైపైన కొద్దిగా తడపడం తప్ప నీళ్లొద్దు.

రెండో ఫోటోలో ముళ్ల మొదట్లో దూదిలా ఉన్నది పిండినల్లి. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో ఒక్కోటి తుడిచి, ఆరేదాకా నీడలో ఉంచు. వారానికోసారి చొప్పున నాలుగు వారాలు చెయ్యి, గుడ్లు తర్వాత పగులుతాయి కనుక. వేర్ల మీదా తెల్లపొడి ఉందేమో చూడు.

తల సన్నబడి లేత ఆకుపచ్చగా సాగడం వెలుతురు చాలక. తూర్పు కిటికీకి మార్చు. ఎండ రోజుకో అరగంట చొప్పున పెంచు, ఒక్కసారిగా పెడితే తెల్లగా కాలిపోతుంది, ఆ మచ్చ ఇక పోదు.

కోసిన వెంటనే ఆ వలయం ఫోటో దగ్గరగా తీసి పంపు. బావగారికి నమస్కారాలు.

నీ తమ్ముడు