నీ మల్టీవిటమిన్ సీసా గురించి

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో మూడున్నర పేజీలు నీ నీరసం గురించే. పొద్దున లేస్తూనే అలసట, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం, పెదవుల మూలల్లో పగుళ్లు, గోళ్ల మీద తెల్లచుక్కలు, దువ్వెన నిండా జుట్టు. చివర్లో "అన్ని విటమిన్లూ ఉన్న పెద్ద సీసా ఒకటి కొనేశా, రోజుకొకటి వేసుకుంటే ఏదో ఒకటి తగలకపోతుందా" అని ఓ మాట. అది చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత కొంచెం భయం వేసింది. రెండేళ్ల క్రితం నేనూ అచ్చం ఇలాగే చీకట్లో రాయి వేశాను మరి. ఆ కథ నీకు మొత్తం ఎప్పుడూ చెప్పలేదు. పరువు తక్కువని దాచాను.

అప్పట్లో నాకు రెండంతస్తుల మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. మొహం పాలిపోయిందని ఇంట్లో అందరూ అనేవాళ్లు. ఇంకేముంది, రక్తం తక్కువైందని నాకు నేనే తేల్చేసుకుని, మందుల షాపుకి వెళ్లి ఐరన్ మాత్రలు తెచ్చుకున్నా. మూడు నెలలు మింగాను. మలబద్ధకం వచ్చింది. విరేచనం నల్లగా అయ్యింది. ఐరన్ మాత్రలకి అది మామూలేనట, తెలియక ఒక రాత్రంతా టెన్షన్‌తో కూర్చున్నాను. నీరసం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. పైగా పాదాల్లో తిమ్మిర్లు మొదలయ్యాయి. కాలికి చెప్పు ఉందో జారిపోయిందో కిందికి చూస్తే గాని తెలిసేది కాదు.

చివరికి డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన సొరుగులోంచి ట్యూనింగ్ ఫోర్క్ తీశాడు. స్కూల్లో ఫిజిక్స్ ల్యాబులో మనం బెంచీకేసి కొట్టి తిట్లు తిన్నామే, అదే. దాన్ని అరచేతికి తాటించి, కాడని నా కాలి బొటనవేలి ఎముక మీద ఆనించి, "జుమ్మంటోందా? ఆగగానే చెప్పండి" అన్నాడు. రెండు క్షణాల్లో "ఆగిపోయిందండీ" అన్నాను. ఆయన ఏమీ మాట్లాడకుండా అదే ఫోర్క్‌ని తీసి నా మణికట్టు ఎముక మీద పెట్టాడు. అది ఇంకా జుమ్మని మోగుతూనే ఉంది! ఒళ్లు జల్లుమంది అనుకో. ఆగింది ఫోర్క్ కాదు, నా వేలికి తెలియడం.

రక్తపరీక్షలో బి12 విటమిన్ అడుగంటిందని తేలింది. ఐరన్ తక్కువైతే ఎర్రరక్తకణాలు చిన్నవిగా, వెలిసిపోయినట్టు తయారవుతాయి. నావి ఉండాల్సిన దానికంటే పెద్దగా ఉన్నాయి. కణం రెండుగా విడిపోవాలంటే ముందు తన డీఎన్ఏకి నకలు తీసుకోవాలి కదా, దానికి బి12, ఫోలేట్ (మాత్రల్లో ఫోలిక్ యాసిడ్‌గా వచ్చే విటమిన్) రెండూ కావాలి. అవి లేకపోతే కణం ఒళ్లు పెంచుకుంటుంది గాని విడిపోలేదు. పైకి చూస్తే రెండు రకాల రక్తహీనతకీ అదే పాలిపోయిన మొహం, అదే ఆయాసం. నేను మూడు నెలలు తప్పు తలుపు తట్టాను.

గుడ్లూ పాలూ తింటూనే ఉన్నా లోపం ఎలా వచ్చిందో తెలుసా? ఏళ్ల తరబడి పరగడుపున వేసుకుంటున్న గ్యాస్ బిళ్ళ! తిండిలోని బి12 మాంసకృత్తుల్ని అంటిపెట్టుకుని ఉంటుంది. దాన్ని విడదీయడానికి కడుపులో ఆమ్లం కావాలి, ఆ తర్వాత కడుపు గోడ తయారుచేసే ఒక ప్రోటీన్ దాన్ని పట్టుకుని చిన్నపేగు చివరిదాకా మోసుకెళ్లాలి. నేను ఆమ్లాన్నే ఆపేశాను. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్‌తోనూ బి12 తగ్గుతుంది, కాబట్టి నీకు ఆ మాత్ర ఉంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పు. మాంసం, చేపలు, గుడ్లు, పాలు ఏవీ ముట్టని వాళ్లకైతే తిండిలోంచి అది రానే రాదు, మాత్ర రూపంలోనో, విడిగా బి12 కలిపిన ఆహారంగానో అందాల్సిందే. ఇంకో తిరకాసు ఏంటంటే లివర్ దాన్ని కొన్నేళ్లకి సరిపడా దాచుకుంటుంది. అందుకే ఖజానా ఖాళీ అవుతున్నా చాలాకాలం చప్పుడుండదు.

సూదిమందు మొదలుపెట్టిన కొద్ది వారాలకే ఆయాసం పోయింది. తిమ్మిర్లు పోవడానికి నెలలు పట్టింది. ఎడమ బొటనవేలు ఇప్పటికీ కొంచెం మొద్దుగానే ఉంటుంది.

నాకు ఇంకా పెద్ద ప్రమాదం తప్పింది. ఐరన్ బదులు పెద్ద మోతాదులో ఫోలిక్ యాసిడ్ తెచ్చుకుని ఉంటే రక్తహీనత తగ్గినట్టే కనిపించేది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉండేవి. ఫోలిక్ యాసిడ్ చెడ్డదని కాదురా. దాన్ని ల్యాబులో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన యల్లాప్రగడ సుబ్బారావుగారే, 1945లో. స్ప్రూ అనే పేగుల జబ్బుతో సొంత అన్నదమ్ముల్ని పోగొట్టుకున్న మనిషి ఆయన. కడుపులో బిడ్డ వెన్నుపాముకి ఆధారమైన గొట్టం మొదటి 28 రోజుల్లోనే మూసుకుపోతుంది, చాలామందికి అప్పటికి గర్భం వచ్చిందనే తెలియదు. అందుకే బిడ్డ కావాలనుకునే ఆడవాళ్లని ముందునుంచే రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోమంటారు. మందు గొప్పదే. ఎవరికి, ఎప్పుడు అన్నదే గొడవ.

ఇక నీ చిట్టా చూద్దాం. గోళ్ల మీద తెల్లచుక్కలు కాల్షియం తక్కువై వచ్చాయని నీకెవరు చెప్పారో గాని, వాళ్లకో దణ్ణం. అవి ఎక్కువసార్లు గోరు మొదట్లో ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బల గుర్తులు. గోటితో పాటే పైకి జరిగి వాటంతటవే పోతాయి. చూసుకోవాల్సింది గోరు ఆకారం. మధ్యలో గుంటపడి, నీటిచుక్క వేస్తే నిలిచేలా చెంచాలా అయ్యిందంటే ఐరన్ మీద అనుమానపడాలి. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల ఎర్రగా ఉండాల్సింది తెల్లగా ఉన్నా అంతే. మా ఆఫీసులో ఒకావిడ ఎప్పుడు చూసినా ఐసుముక్కలు కరకరా నమిలేది. అందరం అలవాటనుకున్నాం. రక్తపరీక్షలో ఐరన్ నిల్వలు దాదాపు సున్నా. మాత్రలు మొదలుపెట్టాక ఆ యావ దానంతటదే పోయింది. మనకి అందిన పాఠాల్లో ఇది లేదు గాని, ఐరన్ లోపానికి అదీ ఒక గుర్తేనట.

పెదవుల మూలల పగుళ్లకి బి2 కారణం కావచ్చు, బి6 కావచ్చు, ఐరన్ కావచ్చు, ఏ లోపమూ లేకుండా ఉమ్మి తడికి చేరిన ఫంగస్ కూడా కావచ్చు. బి2 కోసమైతే పాలు, పెరుగు, గుడ్లు, పుట్టగొడుగులు, బాదం చాలు. పాలని ఎండలో పెట్టకు, వెలుతురుకి బి2 పాడవుతుంది. మల్టీవిటమిన్ వేసుకున్నాక మూత్రం పసుపుపచ్చగా వస్తోందని కంగారుపడకు, ఒంటికి అక్కర్లేని బి2 అలా బయటికి పోతోంది. అంటే డబ్బులు పెట్టి కొన్నది నేరుగా కాలవలోకి.

పిక్కలు పట్టేయడానికి మెగ్నీషియం అనో, పొటాషియం అనో అందరూ తలో పేరు చెప్తారు. నిజానికి రాత్రిపూట పట్టే పిక్కలకి చాలామందిలో కారణమే దొరకదు. గింజలు, పప్పులు, ఆకుకూరలు, అరటిపండ్లు తిను, నష్టం లేదు. పడుకునే ముందు పిక్కలు సాగదీయి. జుట్టు సంగతికొస్తే, ఐరన్ నిల్వలు, థైరాయిడ్, రెండు మూడు నెలల కిందట వచ్చిన గట్టి జ్వరం, ఇలా చాలా ఉంటాయి. విటమిన్ ఎ తక్కువైతే రేచీకటి వస్తుందని చిన్నప్పుడే చదువుకున్నాం కదా. మరి అదే ఎక్కువైతే జుట్టు రాలుతుందని తెలుసా? నీ సీసాలో అది ఎంతుందో చూసుకో.

ఎ, డి, ఇ, కె ఈ నాలుగూ కొవ్వులో కరిగేవి. ఎక్కువైతే బి, సి విటమిన్లలా ఒంట్లోంచి తేలిగ్గా బయటికి పోవు. ధ్రువపు ఎలుగుబంటి లివర్ తిన్న అన్వేషకులు ఎ విటమిన్ విషమై ఒళ్లంతా చర్మం ఊడి మంచం పట్టారు. ఎలుగుబంటి మన జోలికి రాదులే. కానీ మా బంధువుల్లో ఒకాయన వారానికొకటి వేసుకోవాల్సిన డి విటమిన్‌ని రోజుకొకటి చొప్పున నెలల తరబడి మింగాడు. రక్తంలో కాల్షియం పెరిగిపోయి, వాంతులు, విపరీతమైన దాహం, చివరికి ఆసుపత్రి. డి తక్కువైనా తిప్పలేలే, ఎముకల్లో నొప్పి, కుర్చీలోంచి లేవాలంటే తొడల్లో సత్తువ ఉండదు. దానికి మంచి వనరు ఎండే. అయితే కిటికీ అద్దం వెనక కూర్చుంటే చాలనుకోకు, డి తయారుచేసే కిరణాల్ని అద్దం ఆపేస్తుంది. తిండిలో కొవ్వున్న చేపలు, గుడ్డుసొన తప్ప పెద్దగా దొరకదు.

నువ్వు సిగరెట్లు నిజంగా మానేశావా? ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లకి, మేలు జరుగుతుందనుకుని బీటా కెరోటిన్ (ఒంట్లో ఎ విటమిన్‌గా మారే క్యారెట్ రంగు పదార్థం) మాత్రలిచ్చి చూశారు. 1994లో ఫలితాలొచ్చాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. క్యారెట్ తింటే అలా కాదు, మాత్రల్లో పెద్ద మోతాదుల సంగతి ఇది. అందుకే మానకపోతే ఆ సీసా వైపు అసలు చూడకు.

తిండి విషయంలో నాకు ఆలస్యంగా బుర్రకెక్కింది ఒకటుంది. ఏం తిన్నామన్నది ఎంత ముఖ్యమో దేనితో కలిపి తిన్నామన్నదీ అంతే. పప్పుల్లో, ఆకుకూరల్లో ఉండే ఐరన్‌ని పేగులు అంత తేలిగ్గా తీసుకోవు. మీద నిమ్మకాయ పిండితే సి విటమిన్ దానికి దారి చూపిస్తుంది. స్టవ్ మీద ఉండగా పిండకు, వేడికి సి విటమిన్ పోతుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ దారి మళ్లీ మూసుకుంటుంది. గంట ఆగు, ప్రాణాలేం పోవు. క్యారెట్‌ని కాస్త నూనెతో వండుకో, కెరోటిన్ కొవ్వుంటేనే ఒంటపడుతుంది. కాల్షియం బిళ్ళ, ఐరన్ బిళ్ళ రెండూ రాసిచ్చినా ఒకే పూట వేసుకోకు, ఐరన్ ఒంటపట్టకుండా కాల్షియం అడ్డుకుంటుంది.

కాల్షియం అంటే గుర్తొచ్చింది, రక్తంలో కాల్షియం మామూలుగా వచ్చింది కాబట్టి ఎముకలు భేషుగ్గా ఉన్నాయని అనుకోకు. ఒంట్లో కాల్షియం 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. రక్తంలో కాస్త తగ్గగానే శరీరం ఎముకల్లోంచి అప్పు తెచ్చి లెక్క సరిచేస్తుంది. పైన పద్దు బాగానే ఉంటుంది, లోపల గోడలు గుల్లవుతుంటాయి. అయోడిన్ సంగతైతే ఇంకా విచిత్రం. రోజుకి 150 మైక్రోగ్రాములు చాలు, డెబ్బై ఏళ్లకి కలిపినా ఒక చెంచా నిండదు. అది లేకపోతే గొంతు దగ్గర గ్రంథి వాచిపోతుంది, కడుపులో బిడ్డ మెదడు ఎదగదు. ఉప్పులో కలిపేది అందుకే. జింక్, సెలీనియం లాంటివన్నీ రాస్తూ పోతే ఇది ఉత్తరం కాదు, గైడు అవుతుంది.

"ఏదో ఒకటి తగలకపోతుందా" అన్నావు చూడు, దానికి జవాబు 1747లోనే ఉంది. జేమ్స్ లిండ్ అనే బ్రిటిష్ ఓడ డాక్టర్, సి విటమిన్ లేక వచ్చే స్కర్వీ పట్టిన 12 మంది నావికుల్ని ఎంచుకున్నాడు. చిగుళ్లు కుళ్లి, ఒళ్లంతా మచ్చలు, మోకాళ్లలో సత్తువ లేదు. అందరికీ ఒకే తిండి పెట్టి, ఇద్దరిద్దరిగా విడగొట్టి, ఒక జతకి ఆపిల్ సారాయి, ఒక జతకి వెనిగర్, ఇంకో జతకి సముద్రపు నీళ్లు, అలా ఒక్కో జతకి ఒక్కో మందు ఇచ్చాడు. రోజుకి రెండు నారింజలు, ఒక నిమ్మకాయ తిన్న ఇద్దరూ వారం తిరక్కుండా లేచి కూర్చున్నారు. వాళ్లలో ఒకడు ఆరు రోజులకే పనిలోకి దిగాడు. అదే ఆయన నీలాగా అన్నీ కలిపి అందరికీ పట్టించి ఉంటే నారింజ పేరెవరికి తెలిసేది? తెలిశాక కూడా బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసం తప్పనిసరి చేయడానికి 1795 దాకా ఆగిందనుకో, అది వేరే ఏడుపు.

కాబట్టి ముందు రక్తం ఇచ్చిరా. రక్తకణాల లెక్క, ఫెర్రిటిన్ (ఐరన్ నిల్వలు చెప్పేది), బి12, డి, థైరాయిడ్ ఈ ఐదూ అవసరమేనా అని డాక్టర్‌నే అడుగు. జుట్టుకోసమని బయోటిన్ (అదీ ఒక బి విటమినే) బిళ్ళలేమైనా వాడుతుంటే ఆ సంగతి దాచకు, అది థైరాయిడ్ పరీక్షని తప్పుదారి పట్టిస్తుంది, ఎన్ని రోజులు ముందు ఆపాలో వాళ్లు చెప్తారు. రిపోర్టు రాగానే ఫొటో పంపు. సీసా వెనక చిన్న అక్షరాలున్న వైపు కూడా.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. పిల్లల పరీక్షలెలా అయ్యాయో ఈసారైనా రెండు ముక్కలు రాయి. అన్నట్టు, సీసా మూత తీసేశావా, ఇంకా అలాగే ఉందా? తీయకపోతే బిల్లు వెతుకు, షాపువాడు వెనక్కి తీసుకుంటాడేమో.

నీ
మొద్దు బొటనవేలు గాడు